మయసభయు మెదడదురును

(రామగుండమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో, విద్యావిషయక సమావేశమున చదివిన ఉపన్యాసము)

  

విద్యను గూర్చి ఏదైన నొక యంశమును తీసికొని ప్రసంగింపుమని ఆహ్వానసంఘమువారు నన్ను గోరిరి. శిల్పశాస్త్రమును గూర్చియో, సంస్కృతపాఠశాలల దుఃస్థితిని గూర్చియో నేను మాటలాడుదునని వారు తలచియుందురు. నేనెన్నుకొన్న విషయము వేఱు. మన పిల్లలు ఆటలలోను, మోటారుసైకిళ్ళ మీదను తలకు దెబ్బలు తగిలించుకొనుచున్నారు. ఆ దెబ్బవలన మెదడునకు గలుగు హాని యెట్టిదో విద్యార్థులకు దెలుపుటకు అమెరికాదేశమున వర్చువల్ రియాలిటీ యను నొక సాధనమును వాడుచున్నారు. ఈ రెంటిని గూర్చియు, వీనివిషయమున మన సంఘము చేయదగిన పనిని గూర్చియు విన్నవించెదను. కడపట పోషకులను ఒక కోరిక కోరెదను. అది కొందఱికి రుచింపకపోవచ్చును; అయినను వినవలయునని ముందే ప్రార్థించుచున్నాను.

ముందుగా పేళ్ళ సంగతి. ఇంగ్లీషు వైద్యులు ఈ వ్యాధిని కన్‌కషన్ అందురు. గట్టిగా కుదిపివేయుట యని ఆ లాటిన్ ధాతువున కర్థము. నేను దీనికి "మెదడదురు" అని తెలుగుపేరు పెట్టుకొంటిని. మస్తిష్కకంపమన్నచో పండితులకు సంతోషమే కాని కబడ్డీ యాడు పిల్లవానికి తెలియదు. మన గోదావరిఖని వాడలలో జనులాడు మాటలు ఇంతకన్న బాగున్నవి. "దిమ్మ తిరిగింది," "కండ్లు బైర్లు గమ్మినయి," "సోయి తప్పింది" అందురు. అయితే ఈ మాటలలోనే యొక ప్రమాదము దాగియున్నది. "సోయి తప్పలే గద, ఏం గాలే" యని మనవారు వెంటనే తీర్పు చెప్పివేయుదురు. సోయి తప్పినవానినే దెబ్బతిన్నవానిగా నెంచుదురు. నిజమున కీ వ్యాధి గలిగినవారిలో స్పృహ దప్పువారు బహు కొలదిమంది. పదిమందిలో సుమారు తొమ్మండుగురు మేలుకొనియే యుందురు, నడచుచునే యుందురు, పిలిచిన పలుకుచునే యుందురు. మనకొలబద్ద తప్పినదగుటచే పదింట తొమ్మిదిమారులు వ్యాధిని వ్యాధియని గుర్తింపకయే పోనిచ్చుచున్నాము.

ఇక వర్చువల్ రియాలిటీ. దీనిని మిథ్యావాస్తవమనియు, కల్పితయథార్థమనియు కొందఱు వ్రాయుచున్నారు. వేదాంతులు వినినచో వివాదమునకు దిగుదురు గనుక నేనా పదముల జోలికి బోవను. మన కులమునకు దగిన పేరు మహాభారతమునందే యున్నది. అది మయసభ. భారతమున మయుడు దానవుడుగా జెప్పబడెను. మన సంప్రదాయమున విశ్వకర్మ పంచబ్రహ్మలలో రెండవవాడు మయబ్రహ్మ. ఈ రెంటిని సమన్వయించు చర్చ మఱియొక మహాసభకు ఉండనిండు. ఆ సభలో జరిగినది మాత్రము మీ రందఱు ఎఱిగినదే. దుర్యోధనుడు స్ఫటికపు నేలను జూచి జలమని భ్రమించి వలువలెత్తుకొనెను. జలమును జూచి నేలయని యడుగు పెట్టి తడిసెను. హరికథలలోను నాటకములలోను ఇంతవఱకే చెప్పి, ద్రౌపది నవ్వినదా లేదా యనుదానిమీద రాత్రి యంతయు గడుపుదురు. వ్యాసులవారు అంతటితో విడువలేదు. మూసియున్న స్ఫటికద్వారము తెఱచియున్నదని తలచి దుర్యోధనుడు లోనికి బోవ నుంకించి, నుదుటితో దానిని గొట్టుకొని, తల తిరిగి నిలువబడిపోయెనని సభాపర్వమున చెప్పిరి. లేనిది ఉన్నట్లు తోపించు సభ, నుదుటికి దెబ్బ, తల తిరుగుట, మూడును ఒక్కచోటనే యున్నవి! ఈనాటి నా యుపన్యాసమునకు కావలసిన సామగ్రి యంతయు ఆ ఘట్టమున దొరకినది.

అటుపిమ్మట హస్తినాపురమునకు మరలుచు అతడు మాటలాడక, నిట్టూర్పులు విడుచుచు, వన్నె దఱిగి యుండెనట. అసూయయే కారణమని శకునితో అతడే చెప్పుకొనెను గనుక నేను వేఱుగా వైద్యము చేయబోను. కాని తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు నాలుగుదినములు మౌనముగను, చిరచిరలాడుచును, నిద్ర సరిగా బట్టకయు నుండినచో, మన యిండ్లలోను అట్లే మఱియొక కారణమును వెదకుచుందురు. సెల్‌ఫోను చూచి చూచి యిట్లైనాడందురు. పరీక్షల భయమందురు. ఎవరి దృష్టియో తగిలినదని ఉప్పు మిరపకాయలు దిగదుడుతురు.

మెదడు ఎట్లు అదరునో కొంచెము వివరింతును. పెద్దవాని మెదడు సుమారు 1,400 గ్రాముల బరువుండును. దానిచుట్టును సుమారు 150 మిల్లీలీటర్ల ద్రవము గలదు. ఆ ద్రవమున మెదడు తేలుచున్నట్లుండును. మన ప్రాంతమున వేసవిలో తాటికాయను చెక్కి ముంజలు తీయుట అందఱు చూచినదే. పైన కాయ గట్టిది. లోన ముంజ మెత్తనిది, నీరు గలది. చెట్టునుండి పడిన కాయ పగులకున్నను లోని ముంజ నలుగవచ్చును. తలయు నట్లే. వేగముగా బోవుచున్న తల హఠాత్తుగా ఆగినపుడు పుఱ్ఱె యాగును, మెదడు వెంటనే యాగదు. తల గిరుక్కున తిరిగినపుడు మఱింత చెడుపు. అప్పుడు మెదడులోని సన్నని నాడీతంతువులు మెలిపడి సాగును. ఇందుకు తలకే దెబ్బ తగులవలెనని లేదు. ఱొమ్ముమీద గట్టి త్రోపు తగిలి తల విదిలింపబడినను చాలును.

సాగిన తంతువులలో గాయమేమియు పైకి కనబడదు. లోన మాత్రము లవణముల తారుమారు జరుగును. కణములలోని పొటాషియము వెలుపలికి బోవును, కాల్షియము లోనికి జొచ్చును. వానిని మరల యథాస్థానమునకు జేర్చుటకు మెదడు మిక్కిలి శక్తిని వ్యయపఱుపవలసి వచ్చును. సరిగా అదే సమయమున రక్తప్రసారము తగ్గును. ఖర్చు పెరిగి రాబడి తగ్గిన సంసారము ఎట్లుండునో మీకు చెప్పనక్కఱలేదు. ఈ కొఱత దినములకొలది యుండును. సి.టి. స్కాను అను యంత్రపరీక్షలో ఎముక విఱిగినచో తెలియును, రక్తము కాఱినచో తెలియును. ఈ సంసారపు చిక్కు తెలియదు. కావున "స్కానింగులో ఏమియు లేదు" అనిన మాటకు ప్రాణభయము లేదని యర్థము చెప్పికొనవలెను గాని, వ్యాధియే లేదని కాదు.

రాబడి తగ్గిన ఈ దినములలో రెండవ దెబ్బ తగులుట మిక్కిలి ప్రమాదము. 1984లో అమెరికా వైద్యులిరువురు ఇట్టి మరణము నొకదానిని వర్ణించిరి. మొదటి యదురు మానకమున్నే రెండవ దెబ్బ, అది చిన్నదైనను, తగిలినచో, మెదడు ఒక్కుమ్మడిగా వాచి నిమిషములలో ప్రాణము మీదికి వచ్చును. ఇది అరుదు. కాని వచ్చుట ఎక్కువగా పడుచువారికే, పిల్లలకే. 2006లో వాషింగ్టన్ రాష్ట్రమున జాకరీ లిస్టెట్ అను పదమూడేండ్ల బాలుడు ఫుట్‌బాలు ఆటలో తల నేలకు గొట్టుకొని, కొంతసేపు బయట గూర్చుండి, మరల ఆటలోనికి దిగెను. ఆట ముగిసిన వెంటనే కూలిపోయెను. ప్రాణము దక్కినది కాని అవయవములు స్వాధీనము గావించుకొనుటకు సంవత్సరములు పట్టెను. అతని పేర 2009లో ఆ రాష్ట్రమువారు చట్టమొకటి చేసిరి. మెదడదురు కలిగినదని అనుమానము తోచిన బాలుని ఆటనుండి తీసివేయవలెననియు, వైద్యుడు వ్రాతపూర్వకముగ అనుమతించువఱకు మరల దింపరాదనియు దాని సారము. 2014 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రములును ఇట్టి చట్టములు చేసికొనినవి.

మనవారికి క్రికెట్టు బాగుగా దెలియును గనుక మఱియొక యుదాహరణము. 2019 ఆగస్టులో లార్డ్స్ మైదానమున ఆర్చర్ వేసిన బంతి స్టీవ్ స్మిత్ మెడకు దగిలెను. అతడు పడిపోయి, లేచి, లోనికి బోయి, పరీక్షలు చేయించుకొని, మరల వచ్చి బ్యాటింగు చేసెను. మఱునాటి యుదయమునగాని లక్షణములు పైకి రాలేదు. అప్పు డతనిని తప్పించి లబుషేన్‌ను దింపిరి. అదే నెలలో అమలునకు వచ్చిన క్రొత్త నియమము ప్రకారము టెస్టుక్రికెట్టులో దిగిన మొదటి ప్రత్యామ్నాయ క్రీడాకారు డితడే. ప్రక్కనే వైద్యులు, యంత్రములు, సర్వసంపత్తి గల చోటనే ఒక రాత్రి గడచినగాని వ్యాధి బయటపడలేదన్నచో, మన బస్తీ మైదానమున, కబడ్డీలో పడిన పిల్లవాని ముఖమున నీళ్ళు చల్లి "ఎన్ని వ్రేళ్ళు?" అని యడిగి మరల కూతకు పంపుట యేమి న్యాయము?

చూడవలసిన లక్షణములు ఇవి. తలనొప్పి, తల తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట, వెలుతురును శబ్దమును సహింపకుండుట, మందకొడితనము, అడిగినదే యడుగుట, దెబ్బకు ముందువెనుక జరిగినది జ్ఞాపకము లేకుండుట, నిద్ర తారుమారగుట, కారణము లేకయే యేడ్చుట లేక కోపించుట. ఇవి యుండినచో ఆ దినమున ఆట సమాప్తము. వైద్యునకు జూపవలెను. మొదటి ఒకటి రెండు దినములు విశ్రాంతి యీయవలెను. సెల్‌ఫోను, టెలివిజను తగ్గింపవలెను. చీకటిగదిలో వారములకొలది పండబెట్టుట పాతపద్ధతి, అది యిప్పుడు వైద్యులకు సమ్మతము గాదు. కొంచెము కొంచెముగా నడక, పిదప బడి, పిదప తేలిక వ్యాయామము, తుదకు ఆట యను క్రమము నేర్పఱచినారు. పిల్లలలో పెక్కండ్రు నెల లోపల కోలుకొందురు. వాంతులు మాటిమాటికి వచ్చినను, తలనొప్పి నానాటికి గాక గడియగడియకు హెచ్చినను, మూర్ఛ వచ్చినను, మాట ముద్దయైనను, కాలు చేయి పట్టు దప్పినను, ఒక కంటిపాప పెద్దదై యుండినను, చెవినుండి ముక్కునుండి నీరుగాని నెత్తురుగాని కాఱినను, లేపిన లేవకున్నను, క్షణమాలస్యము చేయక ఆసుపత్రికి గొనిపోవలెను. మన రామగుండమునకు 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది గనుక వెనుకటివలె ప్రతిదానికిని వరంగల్లునకో హైదరాబాదునకో పరుగెత్తవలసిన దుఃస్థితి కొంత తగ్గినది.

ఇంతయు చెప్పినంత మాత్రమున పిల్లలు నేర్తురా? నలువదేండ్లకు దగ్గరగా నల్లబల్ల ముందు నిలువబడినవాడను గనుక చెప్పుచున్నాను: నేరరు. చెప్పగా విందురు, పరీక్షలో వ్రాతురు, మైదానమున మఱతురు. మఱచుటకూడ కాదు, దాచుదురు. 2004లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో అమెరికాలోని మిల్వాకీ ప్రాంతపు ఉన్నతపాఠశాలల ఫుట్‌బాలు ఆటగాండ్రు 1,532 మందిని ప్రశ్నించిరి. ఆ యేడు మెదడదురు గలిగినవారిలో సగముకన్న తక్కువమందియే, నూటికి 47 మంది, దానిని పెద్దలకు జెప్పిరట. చెప్పనివారిలో మూడింట రెండువంతులవారు "అది యంత పెద్ద దెబ్బ యని తోచలేదు" అనిరి. నూటికి 41 మంది తమ్ము ఆటనుండి తీసివేయుదురని దాచితిమనిరి. మొదటి కారణము అజ్ఞానము, దానికి పాఠము మందు. రెండవది పౌరుషము, దానికి పాఠమొక్కటియే చాలదు.

ఇచ్చటనే క్రొత్త సాధనము ప్రవేశించుచున్నది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పుట్టి 2009లో స్వతంత్రసంస్థగా నేర్పడిన టీచ్‌ఎయిడ్స్ అను ధర్మసంస్థ యొకటి కలదు. దాని స్థాపకురాలు పియా సర్కార్ అను భారతీయ సంతతి విదుషీమణి. ఈ సంస్థ తెలుగువారికి క్రొత్తది గాదు. ఎయిడ్స్ వ్యాధిని గూర్చి, సిగ్గుపడవలసిన పని లేకుండ, బొమ్మలతో కూడిన పాఠమును అనేకభాషలలో చేయించి, తెలుగున దానికి అక్కినేని నాగార్జున, అమల గారలచేత గాత్రమిప్పించిన సంస్థ యిదే. ఆ సంస్థవారే 2018లో క్రాష్‌కోర్స్ అను పేర మెదడదురును గూర్చిన పాఠమును వెలువరించిరి. డేవిడ్ కమరీయో అను స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు దానికి శాస్త్రవిషయమున తోడ్పడెను. పండ్లనడుమ నుంచుకొను చిన్న యంత్రపరికరములచేత ఆటగాండ్ర తలల చలనమును కొలిచి పరిశోధించిన వాడాతడు. ఆ పాఠమును మామూలు తెరమీదను చూడవచ్చును, కండ్లకు గట్టుకొను యంత్రముతోను చూడవచ్చును. యంత్రము పెట్టుకొనిన విద్యార్థి ప్రేక్షకుడుగా నుండడు, ఆటగాడే యగును. మైదానము చుట్టును కనబడును, తల త్రిప్పినచో దృశ్యము తిరుగును. దెబ్బ తగిలిన పిమ్మట ఏమి చేయవలెనో నిర్ణయము తానే చేయవలెను. మెదడున జరుగునదియు కండ్లయెదుట గానవచ్చును.

సిగ్గువలన మాటాడరాని వ్యాధిని నేర్పిన సంస్థయే పౌరుషమువలన దాచబడు వ్యాధిని నేర్ప బూనుట కాకతాళీయము కాదని నా యూహ. రెండుచోట్లను అడ్డుగోడ యొక్కటియే: నలుగురేమనుకొందురో యను జంకు. యంత్రము గట్టుకొనినపుడు ఆ నలుగురు ఎదుట నుండరు. బాలుడు ఒంటరిగా నిర్ణయము చేయును, తప్పినను నవ్వువారుండరు. ఒకమారు "నాకు బాగులేదు, నేను బయటికి వత్తును" అని మాయామైదానమున నోరార పలికినవానికి నిజమైదానమున ఆ మాట నోట వచ్చుట కొంత సులభమగును.

ఇది పాశ్చాత్యుల వింత యని కొట్టివేయువారికి సుశ్రుతసంహితను జూపెదను. సూత్రస్థానమున తొమ్మిదవ యధ్యాయమునకు యోగ్యాసూత్రీయమని పేరు. యోగ్య యనగా అభ్యాసము. ఎంత శాస్త్రము చదివినను యోగ్య చేయనివాడు కర్మకు దగడని ఆచార్యుడు ఖండితముగ చెప్పెను. కోయుట నేర్చుటకు గుమ్మడి, సొర, పుచ్చ, దోస మొదలగు కాయలు; చీల్చుటకు నీరు నింపిన తోలుతిత్తులు; సిర పొడుచుటకు తామరతూండ్లును చచ్చిన పశువుల సిరలును; మైనము పూసిన బూరుగుపలక; కట్లు కట్టుట నేర్చుటకు మనుష్యాకారపు బొమ్మ. ప్రాణముగల మనుష్యునిపై చేయి వేయకమున్ను అబద్ధపు శరీరముపై నిజమగు పనిని నేర్పుట! ఆ పలకను చెక్కినవాడును, ఆ బొమ్మను చేసినవాడును మన వృత్తివాడే యై యుండవలెను. వైద్యుని పేరు గ్రంథమున నిలిచినది, బొమ్మ చేసినవాని పేరు నిలువలేదు. ఇది మన కులమునకు అలవాటైన సంగతియే.

అంతదూర మేల? ఈ సభలో సగముమంది బాయిపని చేసినవారో, చేసినవారి బిడ్డలో. సింగరేణిలో క్రొత్తగా చేరినవాడు వి.టి.సి. శిక్షణ లేక బాయిలోనికి దిగరాదు. 1966 నాటి నియమములనుండి ఈ పద్ధతి స్థిరపడినది. కఱ్ఱతో పైకప్పును దట్టి, ఆ మ్రోతను విని, ఏది గట్టిదో ఏది ఊడిపడునదో గుర్తించుట మీకు అక్కడనే కదా అలవడినది! 1926లో స్థాపింపబడిన ధన్‌బాదు గనుల విద్యాపీఠమున నేడు భూగర్భపు ప్రమాదములను వర్చువల్ రియాలిటీతోనే చూపించి నేర్పుచున్నారు. పైకప్పు కూలుట ఎట్లుండునో కూలకయే చూపవచ్చును గదా. తండ్రికి తలమీద టోపీయు, దిగుటకు ముందు శిక్షణయు గలవు. కొడుకు రాజీవ్ రహదారి మీద ఒక్క బండిపై మువ్వురలో నొకడై బొగ్గులారీల నడుమ బోవుచున్నాడు. 2019లో సవరింపబడిన మోటారువాహనముల చట్టము నాలుగేండ్లు దాటిన ప్రతివానికి శిరస్త్రాణము విధించినది. హెల్మెటు పుఱ్ఱెను గాపాడును, ప్రాణము నిలుపును, తప్పక పెట్టుకొనవలెను. కాని లోని ముంజ కదలకుండ పూర్తిగా పట్టియుంచు హెల్మెటు నేటివఱకు లేదు. "టోపీ ఉన్నది గద" యని నిశ్చింతగా నుండరాదు.

నేను పనిచేసిన పాఠశాలలలో నొకదాని యందు, పేరు చెప్పను, ఏడవతరగతి బాలుడొకడు ఉండెడివాడు. శబ్దమంజరి యంతయు కంఠస్థము చేసినవాడు. ఒకనాడు ఆటస్థలమున కబడ్డీలో ఇరువురు కాలు పట్టి లాగగా వెల్లకిల పడి తల వెనుకభాగము నేలకు దగిలెను. ఏడ్వలేదు, సోయి తప్పలేదు, మరల ఆడెను. తరువాతి వారమునుండి "రామః రామౌ" దగ్గఱనే తడబడజొచ్చెను. పుస్తకము తెఱచిన కన్నుల నీరు గాఱును. లెక్కల యుపాధ్యాయుడొకడు సోమరితనమని రెండుమూడు మారులు బెంచీ యెక్కించెను. తుదకు కనిపెట్టినది ఆ పిల్లవాని తల్లి. "సారూ, వీడు దెబ్బ తగిలిన్నాటి సంది దీపం జూస్తె కండ్లు మూసుకుంటున్నడు" అని ఆమె వచ్చి చెప్పెను. చదువురాని తల్లి చెప్పిన యా యొక్క వాక్యమున వ్యాధినిర్ణయ మంతయు నుండెను. కొంతకాలము చదువు తగ్గించి యుంచగా నెల తిరుగునప్పటికి బాలుడు యథాపూర్వముగ నయ్యెను. ఈ వ్యాధిని గుర్తెఱుగని పాఠశాలలో ఇట్టి బాలురు ఎందఱు సోమరులను పేర దండింపబడిరో ఎవరు లెక్కపెట్టిరి?

ఈ పనికి ధన మెంత యగునని పోషకులు అడుగుదురు. విలువగల యంత్రములు కొనుమని నేను చెప్పుట లేదు. రెండు కండ్లకు రెండు బొమ్మలను వేర్వేఱుగ జూపినచో లోతు కనబడునని చార్లెస్ వీట్‌స్టన్ 1838లోనే నిరూపించెను. అదే సూత్రముపై 2014లో గూగుల్ సంస్థ అట్టపెట్టె, రెండు కటకములు, ఒక సెల్‌ఫోను చాలునని చూపి, అట్టను కోయవలసిన కొలతలను లోకమున కంతకు వెల్లడించెను. వారు దాని యమ్మకమును 2021లో నిలిపివేసిరి గాని కొలతలు ఎక్కడికిని పోలేదు. మన వడ్రంగి సోదరులు పలుచని చెక్కతో అంతకన్న గట్టిదానిని ఒక్కపూటలో చేయగలరు. ఇరువది పెట్టెలు చేసి మూడు నాలుగు పాఠశాలలకు వంతులవారీగ ద్రిప్పవచ్చును. కటకములకును పాత సెల్‌ఫోనులకును అగు వ్యయము, ఈ మహాసభకు గట్టిన స్వాగతతోరణముల వ్యయమును మించదని నా యభిప్రాయము.

కష్టమైనది పెట్టె కాదు, పాఠము. అమెరికా ఫుట్‌బాలు మన పిల్లలకు తెలియదు. వారికి గావలసినది కబడ్డీ కూత, మట్టిమైదానము, బైకు వెనుక కూర్చుండుట, మామిడిచెట్టు. శిక్షకుడు "ఏం గాలే, పోరా" యనుటయు అందుండవలెను. మాటలు కరీంనగరపు పలుకుబడిలో నుండవలెను. నాబోటి గ్రాంథికము అక్కడ పనికిరాదు. మూడు నాలుగు జాగ్రత్తలును గలవు. ఇది చిన్నపిల్లలకు తగదు; మెటా యను పెద్దసంస్థయే 2023లో తన యంత్రముల వయఃపరిమితిని పదుమూడునుండి తగ్గించినప్పుడుకూడ పదేండ్ల వద్దనే నిలిచినది. ఒకమారునకు పది నిమిషములు మించరాదు. కొందఱికి ఇది పెట్టుకొనిన మాత్రముననే తల తిరుగును. కూర్చుండియే చూడవలెను, మయసభలో నడచినవాని గతి యిదివఱకే చెప్పితిని. తలకు క్రొత్తగా దెబ్బ తగిలిన పిల్లవానికి దీనిని పెట్టరాదు. చూచిన పిమ్మట ఉపాధ్యాయుడు కూర్చుండి మాటలాడనిచో అది సినిమాతో సమానము.

ఇక నేను మొదట చెప్పిన కోరిక. ఏటేట మన సంఘము యువకులకు కబడ్డీపోటీలు పెట్టుచున్నది. పోషకులు ఉదారముగ కప్పులును, నగదు బహుమతులును ఇచ్చుచున్నారు. బహుమానము పెరిగినకొలది, దెబ్బతిన్న ఆటగానిని బయట గూర్చుండబెట్టుటకు జట్టు నాయకునకు మనసొప్పదు. పదివేల రూపాయల పందెము ముందు పదునైదేండ్ల బాలుని తలనొప్పి యెవనికి వినబడును? కావున ధనమిచ్చు పోషకులే తమ దానమునకు ఈ షరతులు జోడింపవలెనని ప్రార్థించుచున్నాను. తలకు దెబ్బ తగిలి, పైని చెప్పిన లక్షణములలో నొక్కటి కనబడినను ఆ యాటగాడు ఆ దినమున మరల దిగరాదు. అతనికి బదులుగా వేఱొకనిని దింపుటకు జట్టున కనుమతి యుండవలెను, లేకున్న దాచుదురు. తీర్పు చెప్పువాడు జట్టుకు సంబంధించినవాడు కారాదు. మన సంఘమున వైద్యులును నర్సులును గలరు, వారిలో నొకరు మైదానమున నుండవలెను. నియమము మీఱిన జట్టునకు బహుమతి లేదు. గెలిచినదైనను లేదు.

నిరుడు ఈ మాట కార్యవర్గమున నేను ఎత్తినపుడు, "ఆటలో ఊపు పోతుంది, మాస్టారూ" అని కొందఱు పెద్దలనిరి. ఊపు తగ్గునని నేనును ఒప్పుకొందును. ఆ తగ్గిన యూపును భరింపగలమా, లేక లిస్టెట్ తలిదండ్రులు భరించినదానిని భరింపగలమా యనునది సభవారు యోచింపవలెను. నేటి సాయంకాలపు తీర్మానముల పట్టికలో ఇది తొమ్మిదవదిగా నున్నది. మొదటి యెనిమిదింటికే ప్రొద్దుగుంకుట మన సభల యాచారము గనుక, దీనిని ముందునకు జరుపవలెనని అధ్యక్షులవారిని వేడుచున్నాను.

తెలుగుపాఠమునకు నేనొక చిత్తుప్రతి వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చితిని. అది ఎనిమిది పుటలున్నది. వైద్యులు దానిలోని వైద్యమును, యువకులు దానిలోని మాటలను దిద్దవలెను. చెక్కపెట్టె నమూనా యొకటి భోజనశాల ప్రక్కనున్న బల్లపై నుంచితిమి. వడ్రంగి సోదరులు చూచి, కటకముల నడుమ దూరము సరిపోయినదో లేదో చెప్పవలయును.